మడమ కింద చెయ్యి

ఫర్వానియాలో ఆసుపత్రి ఐదో అంతస్తు నాది.
నేల నాది, అద్దాలు నావి, ఎవరో కక్కుకున్న మూల నాది.
ఆ పొద్దు మలయాళీ నర్సు నా చేతిలో మాపు లాక్కొని
"మహబూబ్‌జాన్, నీకు తెలుగొస్తది కదా, రా, మాట కావాల" అనింది.

పదకొండో మంచం.
కొక్కుల రాజలింగు, కోరుట్ల పక్క పల్లె,
పరంజి కట్టే పని.
మడమ బెణికిందంట, మూడు దినాలు కుంటినాడంట.
బెణుకు పాయ. దాని ఎంబడే కాలూ పాయ.
ఇరవై రెండు దినాలు.
"లేస్తలేదమ్మా. నాది గాదన్నట్టే ఉన్నది" అన్యాడు,
పక్కింటోళ్ల బిడ్డను చూపించినట్టు తొడను చూపించి.

ఫోర్‌మాన్ నాటకమన్యాడు.
గదిలోవాళ్లు గాలి సోకిందన్యారు.
పెద్ద గొట్టంలో పెట్టి రెండుసార్లు తీసిన ఫోటోలు
ఏమీ అనలే.

డాక్టర్ నుసైబా అరబ్బీలో నిదానంగా చెప్పింది,
ఒక్కో తూరికి నేను మోయగలిగినంత.
"వెన్ను బాగుంది. నరం బాగుంది.
అయినా నీ కాలు నిజంగానే కదలడంలేదు."
ఆ "అయినా" కాడ నా నోరు ఆగిపాయ.
మా మాటల్లో జబ్బుంటాది, లేకుంటే సాకుంటాది.
రెండిటి నడిమి సందులో మనిషి పండుకోనుంటే
ఏమని పిలిచేది?
మనసుది అంటే పిచ్చి అని వింటాడు.
నరాల బలహీనత అంటే
బస్టాండు గోడల మీది రాతలు గుర్తొచ్చి నగుతాడు.

నాకు తెలిసిన దావలో పోతి.
"ఎవరన్నా పోయినారా నాయనా? అప్పుందా? ఇంటికాడ ఏమన్నా..."
డాక్టరమ్మ నా మోచెయ్యి పట్టుకునింది.
"తవ్వొద్దు. దుఃఖం దొరకొచ్చు, దొరక్కపోవచ్చు.
దొరకలేదని కాలు అబద్ధం కాదు."
నాకెందుకో సిగ్గేసింది.

"చెయ్యి పెట్టు" అని నా చేతిని
వాని కుడి మడమ కింద దూర్చింది.
నొక్కమంటే ఏమీ లేదు. చల్లటి మడమ,
పగుళ్లలో ఇంకా సిమెంటు.
"ఇప్పుడు ఎడమకాలు ఎత్తమను."
ఎత్తినాడు.
యా అల్లా,
నా అరచెయ్యి పరుపులోకి దిగబడిపాయ.
ఆ సచ్చిన కాలు, దాన్ని ఎవరూ అడగనప్పుడు,
నిండు మనిషి బరువుతో నొక్కతాంది.

వాడూ చూసినాడు. మొగం నల్లబడింది.
"గట్లైతే నేను దొంగనా అమ్మా? యాక్టింగ్ జేస్తున్ననా?"
దీన్ని అరబ్బీలోకి తిప్పలే. నేనే చెప్తి.

"కాదు నాయనా. ముందు నేను పనిచేసిన ఇంట్లో
నంబర్లు నొక్కితే తెరుచుకునే తలుపుండ్య.
ఏడేండ్లు నా వేలే నొక్కింది.
ఒకనాడు ఆ ఇంటి పాప అడిగింది, నంబరేందని.
ఆలోచించినా. రాలే.
ఆ మధ్యాన్నమంతా ఎండలో గుమ్మం బయటే.
తాళం చెడలే, వేలు చెడలే.
తేరిపార చూసేసరికి పాయ."

చానాసేపు పైకప్పు చూసినాడు.
"మల్ల ఎట్ల తెరుసుకున్నది?"
"చంకలో మూట, చెవికాడ ఫోను,
మా అక్కతో కొట్లాడతా ఉంటే వేలే నొక్కేసింది."
నగినాడు.
డాక్టరమ్మ ఏంది ఏంది అని అడిగి
ఆ తలుపును తన పుస్తకంలో రాసుకునింది.

మర్నాడు వెనక్కి నడిపించినారు.
వెనక్కి నాలుగడుగులు, అందరి మాదిరే.
ముందుకు తిరిగితే రెండు,
మూడోది ఈడ్చుకుంటా.
"బాగైతదా?"
చానామందికి అవుతుంది, కొందరికి సగమే, నెలలు పడతాయి.
సగం అనే మాటను మింగేద్దామనుకుంటి.
మింగలే.

కంపెనీ మనిషి కాయితం తెచ్చినాడు.
రెండే గడులు: పనికొస్తాడు, పనికిరాడు.
నడుమనుండే కాస్త తెల్ల జాగాలో
డాక్టరమ్మ సన్న అక్షరాలతో రాస్తానే ఉండ్య.

ఆ మంచానికి దుప్పటి మార్చిన దినం నాకు సెలవు.
యాడికి పాయనో ఎవరూ చెప్పలే.

కొన్ని రాత్రులు గదిలో లైటు తీసేసినాక,
పైమంచం పిల్ల గురకపెడతాంటే,
నా మడమ కింద నేనే చెయ్యి పెట్టుకొని
రెండో కాలు ఎత్తతా.
ఎంత బరువుండాదో మనిషి.